పాతాళభైరవి ప్రతిమ

ఈ వ్యాసం పాతాళభైరవి సినిమా కథలోని మహిమగల ప్రతిమ గురించి. సినిమా గురించి తెలుసుకొనుటకు పాతాళభైరవి (సినిమా) వ్యాసం చూడండి.

పాతాళభైరవి ప్రతిమ 1951లో విడుదలైన పాతాళభైరవి అనే తెలుగు జానపద చలనచిత్రంలో కథకు కేంద్రమైన మాయావస్తువు. ఇది చేతిలో ఇమిడే దేవీ విగ్రహం. దీనిని పట్టుకొని పాతాళభైరవికి జయకారం చేసి పిలిచినవారి ఎదుట దేవి ప్రత్యక్షమై, వారేమి కోరినా నెరవేరుస్తుంది. ధనరాశులు, రాజభవనం, చివరకు నిలిచి ఉన్న భవనాన్ని మనుషులతో సహా ఒకచోటి నుండి మరొకచోటికి తరలించడం కూడా దీని శక్తికి లోబడినవే. ఈ ప్రతిమ పుట్టిన కథాప్రపంచానికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు. రెండవది అరేబియన్ నైట్స్ కథలతో పాటు ప్రచారమైన అల్లావుద్దీన్ కథ. కథా రచయిత పింగళి నాగేంద్రరావు ఈ రెండింటినీ కలిపి, వాటిలో దేనికీ పూర్తిగా చెందని ఒక కొత్త వస్తువును తయారు చేశాడు.

ప్రతిమ స్వరూపం

సినిమాలో పాతాళభైరవి మూడు రూపాలలో కనిపిస్తుంది. గుహలో ఉన్న పెద్ద విగ్రహం మొదటిది. బలి అందుకొన్న పిమ్మట ఆమె ప్రసాదించే చిన్న ప్రతిమ రెండవది. ప్రతిమను పిలిచినపుడు ఎదుట నిలిచే దేవి మూడవది. దేవి పాత్రను నటి గిరిజ ధరించింది. ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్ల సినిమా చూసినవారిలో కూడా కొందరు గుహలోని విగ్రహమే కోరికలు తీర్చుతుందని చెబుతూ ఉంటారు. అది సరి కాదు. గుహలోని విగ్రహానికి ఎందరు మొక్కినా ఏమీ రాదు; అక్కడ బలి ఇవ్వాలి, ఇచ్చినవాడికి ప్రతిమ దక్కుతుంది. ఒకసారి ప్రతిమ చేతికి వచ్చాక గుహతో గాని, పూజతో గాని, మంత్రంతో గాని పని లేదు.

భైరవి శాక్త సంప్రదాయంలో దశమహావిద్యలలో ఒకరుగా లెక్కింపబడిన దేవత. పాతాళం భూమికి అడుగున ఉన్న లోకం. ఈ రెండు మాటల కలయికతో ఏర్పడిన పేరు వినగానే తాంత్రికోపాసన, గుహ, రాత్రి, బలి అనేవి తెలుగు ప్రేక్షకుని మనసులోకి వస్తాయి. వస్తువు కనిపించక ముందే పేరు సగం పని చేసి పెట్టింది.

కథలో ప్రతిమ పాత్ర

(ఈ విభాగంలో సినిమా కథ పూర్తిగా వివరింపబడినది.)

ఉజ్జయిని రాజ్యంలో తోటమాలి కొడుకైన తోటరాముడు (నందమూరి తారక రామారావు) రాజకుమారి ఇందుమతి (మాలతి)ని ప్రేమిస్తాడు. ఆమె కోసం కోటలో అడుగుపెట్టి పట్టుబడగా, తమకు సాటిరాగల సంపద తెచ్చిననాడు పిల్లనిస్తానని రాజు (సి.ఎస్.ఆర్.) షరతు పెడతాడు. రాజు వద్దన్నది రాముని పేదరికాన్ని. అతని ధైర్యం మీద గాని, గుణం మీద గాని రాజుకు అభ్యంతరం లేదు. ఈ చిన్న విషయం మీదనే మిగిలిన కథంతా నడుస్తుంది.

ఇదే సమయంలో నేపాళ మాంత్రికుడు (ఎస్.వి. రంగారావు) ఒక సాహసవంతుని కోసం వెదుకుతూ ఉంటాడు. అటువంటివానిని పాతాళభైరవికి బలి ఇస్తే ప్రతిమ లభిస్తుందని అతనికి తెలుసు. రాముడే తగినవాడని గుర్తించి, ధనం చూపుతానని ఆశపెట్టి గుహకు తీసుకొనిపోతాడు. దారిలో ఎదురయ్యే పరీక్షలన్నిటిలోనూ రాముడు నెగ్గుతాడు. బలికి ముందు కొలనులో స్నానానికి దిగినపుడు రాముని చేతిలో చచ్చిన మొసలి శాపం తీరిన స్త్రీగా మారి, మాంత్రికుని అసలు ఉద్దేశాన్ని బయటపెడుతుంది. రాముడు మాంత్రికునే దేవికి బలి ఇచ్చి ప్రతిమను పొందుతాడు.

ప్రతిమ దయతో రాముడు సంపన్నుడవుతాడు, భవనం లేస్తుంది, పెళ్ళి నిశ్చయమవుతుంది. ఇంతలో మాంత్రికుని శిష్యుడైన సదాజపుడు (పద్మనాభం) గురువును సంజీవని మూలికతో బ్రతికిస్తాడు. ఇందుమతిని తానే పెళ్ళాడాలని ఆశపడి భంగపడిన రాజుగారి బావమరిది సూరసేనుడు (రేలంగి) మాంత్రికుని మాట నమ్మి ప్రతిమను దొంగిలించి అతని చేతిలో పెడతాడు. మాంత్రికుడు కోరగానే భవనం, సంపద, ఇందుమతి అన్నీ అతని వశమవుతాయి. రాముడు మళ్ళీ మొదటి రాముడవుతాడు.

అటుపైన రాముడు, అతని మిత్రుడు అంజి (బాలకృష్ణ) మాంత్రికుని స్థావరాన్ని వెదుకుతూ పోతారు. కనబడకుండా చేసే వస్త్రం, కోరిన చోటికి చేర్చే పాదరక్షలు వంటి వేరే మాయావస్తువులు కూడా ఈ దశలో కథలోకి వస్తాయి గాని, అవి దారి ఖర్చుకు పనికివచ్చేవి మాత్రమే. సదాజపుని వేషంలో చేరిన అంజి, రాజకుమారికి గడ్డం నచ్చదని నమ్మించి మాంత్రికుని చేత గడ్డం తీయిస్తాడు. గడ్డంతో పాటు అతని శక్తులు కూడా పోతాయి. ప్రతిమ తిరిగి రాముని చేతికి వచ్చి, భవనం ఉజ్జయినికి చేరుతుంది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. కథలో రాముడు చేసిన గట్టి పనులన్నీ ప్రతిమ చేతిలో లేనపుడు చేసినవే: కోటలో ప్రవేశించడం, పరీక్షలు నెగ్గడం, మాంత్రికుని బలి ఇవ్వడం, ఏమీ లేనివాడై మళ్ళీ బయలుదేరడం. ప్రతిమ ఉన్న కాలంలో అతడు ఐశ్వర్యవంతుడయ్యాడు, దానిని కాపాడుకోవడం మాత్రం తెలియలేదు. అన్నీ ఇవ్వగల వస్తువుకు కావలి పెట్టాలన్న ఊహ కథానాయకునికి రాకపోవడం కథలో లోపమని కొందరికి తోచవచ్చును. కాని పేదవాడు ఒక్కరోజులో ధనవంతుడైతే ఎలా ఉంటాడో చెప్పడానికి అంతకంటే సహజమైన పొరపాటు ఉండదు.

ప్రతిమ ధర్మాలు

ఈ ప్రతిమకు కథలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఎవరూ వాటిని వరుసగా చెప్పరు గాని, జరిగే సంఘటనలను బట్టి తెలుస్తాయి. కోరికల సంఖ్యకు పరిమితి లేదు. మూడు కోరికలే కోరవలెనన్న షరతు విదేశీ కథలలో తరచుగా కనిపిస్తుంది. ఇక్కడ అది లేదు. పలికే మాటలో పొరపాటు దొర్లితే కోరిక వికటించే ప్రమాదమూ లేదు. దేవి అడుగుతుంది, మనిషి చెబుతాడు, పని జరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతిమకు పక్షపాతం లేదు. బలి ఇచ్చి సంపాదించినవానికి ఎలా పలుకుతుందో, దొంగ సొమ్ముగా అందుకొన్నవానికీ అలాగే పలుకుతుంది. నిన్నటి యజమాని మంచివాడా, నేటి యజమాని దుష్టుడా అని విచారించదు. ఇందుమతి ఇష్టం లేకుండా ఆమెను తరలించమన్నపుడు కూడా దేవి మారుమాట చెప్పదు. మన పురాణాలలో వరమిచ్చిన దేవతలు తరువాత ఆ వరానికి ఏదో ఒక విరుగుడు చూపిస్తారు. భస్మాసురుని కథలో వలె విష్ణువు వచ్చి చిక్కు విడదీస్తాడు. పాతాళభైరవి కథలో దైవం అటువంటి జోక్యం చేసుకోదు. పోయినదానిని తిరిగి తెచ్చుకోవడం పూర్తిగా మనుషుల పని అవుతుంది, అందులోనూ సగం అంజి తెలివి వల్ల జరుగుతుంది. భక్తి ప్రధానమైన సినిమాలు విరివిగా వచ్చిన కాలంలో, దేవిని ఇంత నిర్లిప్తంగా చూపడం సాహసమే అనాలి.

కాశీమజిలీ కథలు, రాజమహేంద్రవరం

కాశీమజిలీ కథలు పన్నెండు భాగాల పెద్ద గ్రంథం. 20వ శతాబ్ది తొలినాళ్ళలో తెలుగునాట చదవనేర్చినవారి ఇళ్ళలో బహుళ ప్రచారం పొందినది. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి పోదలచి, తోడుగా ఒక గొల్లపిల్లవానిని వెంటబెట్టుకొంటాడు. దారిలో తాను చూసిన వింతకు కారణం అడిగినపుడు ప్రతి మజిలీలో కథ చెప్పాలని ఆ పిల్లవాడు షరతు పెడతాడు. యతి వద్ద ఒక మహిమగల మణి ఉంటుంది. ఆ మణి ప్రభావంతో జరిగిపోయిన వృత్తాంతమంతా తెలుసుకొని అతడు కథ చెబుతాడు. ఒక కథలో మరొక కథ, దానిలో ఇంకొకటి పుడుతూ ఉండడం ఈ గ్రంథం పద్ధతి.

ఈ కథలలో మాంత్రికులు, గుహలు, సాహసవంతులైన యువకులు, రాజకుమార్తెలు, శాపం తీరే జంతువులు కొల్లలుగా ఉన్నారు. పాతాళభైరవి సినిమా లోకమంతా అక్కడి సరుకే. అయితే యతి చేతిలోని మణికి, రాముని చేతిలోని ప్రతిమకు పోలిక ఎంత ఉన్నదో భేదమూ అంతే ఉన్నది. మణి తెలియజేస్తుంది, ప్రతిమ తెచ్చి ఇస్తుంది. మణిని దొంగిలించినవానికి కథలు తెలుస్తాయేమో గాని మేడలు లేవవు. చదువుకొనే గ్రంథానికి మొదటిది, చూసే సినిమాకు రెండవది తగినవి.

ఈ గ్రంథం వెలువడిన కాలానికి కాశీకి నడిచిపోవలసిన అవసరం క్రమంగా తప్పుతున్నది. రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద మొదటి రైలు వంతెన (తరువాత హేవలాక్ వంతెనగా పేరొందినది) 1900లో పూర్తయి, మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గంలో గోదావరి అనే అడ్డు తొలగిపోయింది. మజిలీలు చేస్తూ నెలల తరబడి సాగే యాత్ర జ్ఞాపకంగా మారుతున్న రోజులలో ఆ యాత్రనే కథలకు చట్రంగా తీసుకోవడం ఈ గ్రంథంలోని విశేషం. ముద్రణాలయాలకు, పుస్తక ప్రచురణకు పేరుగాంచిన పట్టణం కావడం వల్ల కూడా రాజమహేంద్రవరం ఇటువంటి కథల పుస్తకాలకు అనువైన చోటు అయినది. (రాజమండ్రి అని వ్యవహరింపబడుతూ వచ్చిన ఈ నగరానికి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అన్న పేరు తిరిగి వచ్చింది.)

తెలుగునాట తొలి సినిమా స్టూడియోలలో ఒకటైన దుర్గా సినీటోన్ 1936లో ఈ పట్టణంలోనే వెలసింది. అది నిలదొక్కుకోలేదు. అందువల్ల గోదావరి ఒడ్డు కథ మద్రాసులోని వాహినీ స్టూడియోలో సినిమా కావలసి వచ్చింది. గోదావరి ప్రాంతపు మనుషులు మాత్రం అందులో ఉన్నారు. రేలంగి గోదావరి సీమవాడు. నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు కాకినాడలో చదువుకొని, అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలలో నటుడుగా తీర్చిదిద్దబడినవాడు.

అల్లావుద్దీన్ దీపంతో పోలిక

ప్రతిమను గురించి మాట్లాడినపుడు అల్లావుద్దీన్ దీపం ప్రస్తావన రాక మానదు. పేద యువకుడు, అతనిని మోసగించి గుహకు తీసుకుపోయే మాంత్రికుడు, కోరికలు తీర్చే వస్తువు, రాకుమారితో పెళ్ళి, వస్తువు చేజారడం, భవనంతో సహా రాకుమారి మాయమవడం అనే వరుస రెండింటిలోనూ ఒకటే. అల్లావుద్దీన్ కథ ప్రాచీన అరబ్బీ ప్రతులలో లేదు. అలెప్పో నగరవాసి హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో చెప్పగా విని, ఆంటోనీ గలాండ్ తన ఫ్రెంచి అనువాదంలో దానిని చేర్చాడు. కథ జరిగేది చైనాలో, మాంత్రికుడు వచ్చేది ఆఫ్రికా నుండి. అనగా ఆ దీపం కూడా ఒక దేశానికి కట్టుబడినది కాదు.

భేదాలు ఇంతకంటే ఆసక్తికరమైనవి. దీపంలోని భూతం దీపానికి బానిస. ప్రతిమలో పలికేది దేవత. అల్లావుద్దీన్‌కు దీపం విలువ తెలియకుండానే చేతికి వస్తుంది. రాముడు ప్రాణాన్ని పణంగా పెట్టి, తెలిసి సంపాదించుకొంటాడు. అక్కడ దీపం సంగతి తెలియని రాకుమారి పాత దీపమిచ్చి కొత్త దీపం పుచ్చుకొంటుంది. ఇక్కడ అసూయపడిన బంధువు ఇంటి నుండే దొంగిలిస్తాడు. పెళ్ళివారింట్లో అయినవాడే కీడు తలపెట్టడం తెలుగు ప్రేక్షకులకు బాగా అర్థమయ్యే సంగతి. అక్కినేని నాగేశ్వరరావు నాయకుడుగా 1957లో అల్లావుద్దీన్ అద్భుతదీపం అనే పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. అయినా తెలుగువారి మనసులో దీపం కంటే ప్రతిమకే చోటు ఎక్కువ.

బలి ఇవ్వబోయినవాడే బలి కావడం అల్లావుద్దీన్ కథలో లేదు. ఇది భేతాళ కథలది. సోమదేవుని కథాసరిత్సాగరంలో గోదావరి తీరాన ఉన్న ప్రతిష్ఠానపురాన్ని ఏలే త్రివిక్రమసేనుని క్షాంతిశీలుడనే భిక్షువు బలి ఇవ్వదలుస్తాడు. భేతాళుడు ముందుగా హెచ్చరించగా రాజు ఆ భిక్షువునే వధిస్తాడు. భేతాళుడు చేసిన పనిని సినిమాలో మొసలి చేసింది. పాతాళభైరవి నిర్మాతలైన నాగిరెడ్డి, చక్రపాణి 1947లో చందమామ పత్రికను స్థాపించినవారు. భేతాళ కథలకు ఆ పత్రిక తరువాతి కాలంలో ఎంతటి ప్రచారం తెచ్చినదో పాఠకులకు తెలిసినదే.

మరొక దగ్గరి చుట్టరికం గుణసుందరి కథ (1949) అనే సినిమాది. దాని దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి. అందులో రాజు జబ్బు నయం చేయగల మహేంద్రమణిని నాయకుడు కష్టపడి తెస్తే, తోడల్లుళ్ళు దానిని కాజేస్తారు. సంపాదించినవాడొకడు, అపహరించినవాడు అతని చుట్టము అనే ఈ పథకాన్నే ఈ ఇద్దరూ రెండేళ్ళ తరువాత ప్రతిమతో మరింత బిగువుగా నడిపారు.

తెర మీద ప్రతిమ

పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలైంది. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రాహకుడు, గోఖలే, కళాధర్ కళాదర్శకులు, ఘంటసాల సంగీత దర్శకుడు. విజయా సంస్థకు ఇది రెండవ చిత్రం. మొదటిదైన షావుకారు (1950) మంచి పేరు తెచ్చినా ఆశించినంత ధనం తేలేదు. కనుక తెర మీద రాముని భవిష్యత్తు వలెనే, తెర వెనుక సంస్థ భవిష్యత్తు కూడా కొంతవరకు ఈ బొమ్మ మీద ఆధారపడి ఉన్నదనవచ్చును.

కంప్యూటర్లు లేని ఆ రోజులలో దేవి ప్రత్యక్షం కావడం, భవనం గాలిలో తేలిపోవడం వంటి దృశ్యాలు కెమెరా పనితనంతోను, నమూనా కట్టడాలతోను సాధింపబడినవి. అయితే ప్రతిమను ప్రేక్షకులు నమ్మడానికి ఈ చమత్కారాలకంటే ఎస్.వి. రంగారావు నటన ఎక్కువ కారణం. దాని కోసం అంతటి మాంత్రికుడు పడే ఆత్రాన్ని చూసినపుడు, చిన్న బొమ్మ తనంతట తానే విలువైనది అవుతుంది. అతడు రాముని సంబోధించే "డింభకా" అన్న సంస్కృత పదం ఈ సినిమా వల్లనే జనవ్యవహారంలోకి వచ్చి నిలిచింది. మరొక విశేషం, ప్రతిమను దొంగిలించిన రేలంగి, ప్రతిమలో పలికిన గిరిజ తరువాతి కాలంలో తెలుగు సినిమాలలో ప్రసిద్ధమైన హాస్యజంటగా పేరు పొందారు.

ఈ చిత్రం తమిళంలో కూడా అదే సంవత్సరం విడుదలైంది. 1952లో జెమినీ సంస్థ ద్వారా హిందీలో వచ్చిన రూపంలో కొన్ని దృశ్యాలు రంగులలో ఉన్నాయి. అదే సంవత్సరం జనవరిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో తెలుగు చిత్రం ప్రదర్శింపబడింది. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వార్తాసంస్థ ప్రకటించిన వంద గొప్ప భారతీయ చిత్రాల జాబితాలో పాతాళభైరవి చోటు చేసుకొన్నది.

తరువాతి కాలం

తెలుగు జానపద చిత్రాలలో మాయావస్తువు అంతకు ముందు లేకపోలేదు. బాలనాగమ్మ (1942) కథలో మాయల మరాఠీ ప్రాణం చిలుకలో ఉంటుంది. ఆ చిలుక దుష్టుని బలహీనత. దానిని పట్టుకొంటే చాలు కథ ముగుస్తుంది. పాతాళభైరవి తరువాత మాయావస్తువు ఇరుపక్షాలూ పోటీపడే ఆస్తి అయింది. ఈ వరుసలో దూరపు వారసుడుగా జగదేకవీరుడు అతిలోకసుందరి (1990) సినిమాలోని దేవకన్య ఉంగరాన్ని చెప్పుకోవచ్చు. కె.వి. రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1994లో భైరవద్వీపం తీశాడు. అందులోనూ మాంత్రికుడు, బలి, రాకుమారి ఉన్నారు. కోరికలు తీర్చే ప్రతిమ మాత్రం లేదు.

1985లో కె. బాపయ్య దర్శకత్వంలో పాతాళ్ భైరవి పేరుతో హిందీ సినిమా వచ్చింది. జితేంద్ర నాయకుడుగా, ఖాదర్ ఖాన్ మాంత్రికుడుగా నటించిన ఈ చిత్రంలో కథానాయిక జయప్రద. ఆమె స్వస్థలం రాజమహేంద్రవరం.